రెండో గరిటె నెయ్యి

మిత్రులారా, ఈ వారం తిండి గురించి. తిండే కదా అని తేలిగ్గా మొదలుపెట్టకండి. చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉన్న సంగతి ఒకటి ఇందులో ఉంది. మధ్యలో వస్తుంది. అక్కడిదాకా ఓపిగ్గా రండి.

యూనివర్సిటీలో మాతో చదివిన ఒక జంట ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నారు. మన పేటల్లోంచి వెళ్ళిన పిల్లలే. ఆమధ్య ఒక శని, ఆదివారాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటల్ తర్వాత హోటల్ తిరిగి, మర్నాడు నాపా లోయకి వెళ్ళి, ద్రాక్షతోటల మధ్య గ్లాసులు పట్టుకుని దిగిన ఫొటోలు పెట్టారు. మా ఆయన ఆ ఫొటోలు రెండు రోజులు చూశాడు. (అత్తగారి ముందు "ఏవండీ" అంటాను. ఇక్కడ "చూశాడు" అనే రాస్తాను. అత్తగారికి ఫేస్‌బుక్ లేదు.) మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ అడిగాడు.

"మనమూ వెళ్దామా?"

"ఎక్కడికి?"

"వైన్ కంట్రీకి."

"రావులపాలెం నుంచి వైన్ కంట్రీ ఎంత దూరమేంటి?"

"యానాం ఎంత దూరమో అంతే."

నవ్వాగలేదు నాకు. మన దగ్గర మందు కొట్టుని 'వైన్స్' అంటాం. అందులో వైన్ తప్ప అన్నీ ఉంటాయి. ఆ లెక్కన ఆంధ్రదేశమంతా వైన్ కంట్రీయే. కానీ యానాం సంగతి వేరు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, చుట్టూ మాత్రం మనమే. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్య వివాహాలు నేరమైతే, మనవాళ్ళు యానాం వెళ్ళి చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చేసుకొచ్చారు. కల్యాణపురం అని ఆ ఊరికో పేరు కూడా వచ్చింది. ఇక్కడ కుదరనిది ఏదైనా గౌతమి దాటితే కుదురుతుందని మా గోదారోళ్ళకి ఎప్పట్నించో ఉన్న నమ్మకం.

అలా ఫిబ్రవరిలో రెండో శనివారం కలిసొస్తే బయల్దేరాం. పెళ్ళయి ఏడేళ్ళు. తినడం కోసమే ఊళ్ళు తిరగడం ఇదే మొదలు. మాకే కాదు, మా రెండిళ్ళలోనూ మొదలే. మా పెద్దవాళ్ళు ఊళ్ళు తిరగలేదని కాదు. నాట్లకి తిరిగారు, కోతలకి తిరిగారు, పెళ్ళిళ్ళకీ చావులకీ సువార్త సభలకీ తిరిగారు. వెళ్ళేటప్పుడు అన్నం మూట కట్టుకుని వెళ్ళారు. హోటల్లో కూర్చుని తినడం అన్నది వాళ్ళ ప్రయాణంలో భాగం కాదు.

మా నాన్న చిన్నప్పుడు మా ప్రాంతంలో ఒక టీ కొట్టు చూరులో కొబ్బరి చిప్ప ఒకటి దోపి ఉండేది. మనవాళ్ళు వెళితే ఆ చిప్ప వాళ్ళే తీసుకోవాలి, ఎత్తి పోసిన టీ తాగాలి, కడిగి మళ్ళీ చూరులో దోపాలి. తెలంగాణలో, రాయలసీమలో రెండు గ్లాసుల గురించి విన్నప్పుడు నాన్న అనేవాడు, "వాళ్ళకి గ్లాసైనా ఇచ్చారు. మనది కోనసీమ కదా, కొబ్బరికాయలకేం లోటు!" ఆ మాటకి అందరం నవ్వేవాళ్ళం. నాన్న కూడా నవ్వేవాడు. ఆయన చనిపోయేదాకా టీ మాత్రం ఇంట్లోనే తాగాడు.

ఇంకో విషయం. నేను మాదిగ. ఆయన మాల. ఈ రెండు ముక్కల మధ్య ఉన్న దూరం తెలిసినవాళ్ళకి మా పెళ్ళి ఎలా జరిగి ఉంటుందో తెలుసు. తెలియనివాళ్ళకి ఇంకో వారం చెబుతాను.

*

తెలుగు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి కారెక్కగానే నాకు 'క్రీడాభిరామం' గుర్తొచ్చింది. ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. కనిపించిందల్లా చూస్తారు, వర్ణిస్తారు, మధ్యాహ్నానికి పూటకూళ్ళ ఇంట్లో రూక ఇచ్చి భోంచేస్తారు. ఆ భోజనం పద్యం క్లాసులో చెబుతుంటే పిల్లలకి నోరూరుతుంది. తెలుగులో హోటల్ భోజనానికి మొదటి రివ్యూ అదే అని నేను సరదాగా అంటుంటాను. ఆ ఇద్దరిలో ఒకాయన బ్రాహ్మణుడు, ఇంకొకాయన శెట్టి. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ కూడా ఉంది. ఓసారి క్లాసులో ఒక పిల్లాడు లేచి అడిగాడు. "మేడమ్, మనోళ్ళు రూక తీసుకుని వెళితే ఆ పూటకూళ్ళ ఇంట్లో అన్నం పెట్టేవారా?" ఆ పిల్లాడి ప్రశ్నకి కావ్యంలో జవాబు లేదు. జవాబు 1950 జనవరి 26న వచ్చింది. రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో క్లాజు. దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్ళు అని పేర్లు పెట్టి మరీ రాశారు అందులో. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటి పేరుతో ఎవరినీ ఆపకూడదని. సమానత్వం అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా హోటల్ అనే మాట ఎందుకు రాయాల్సివచ్చిందో, చూరులో కొబ్బరి చిప్ప చూసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి మజిలీ ఆత్రేయపురం. పూతరేకుల ఊరు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు పని చేస్తుంటే పావుగంట నిలబడి చూశాం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. జయ బియ్యం రుబ్బిన పల్చటి జావలో గుడ్డ ముంచి కుండ మీద అలా ఒక్కసారి లాగుతారు. కళ్ళు మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. రోజంతా ఆ సెగ దగ్గర కూర్చుంటారు. డబ్బా మీద మాత్రం ఆ చేతుల పేరు ఉండదు, కొట్టు పేరు ఉంటుంది.

బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటి రాజమండ్రి. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్, దేవీచౌక్‌లో ఇడ్లీ, పెసరట్టు. పుష్కర్ ఘాట్ దగ్గర కాసేపు కూర్చున్నాం. ఈ ఊళ్ళోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళని కులం నుంచి వెలివేశారు. పెళ్ళికి వెళ్ళడమే కాదు, అక్కడ పంక్తిలో కూర్చుని తినడం పెద్ద తప్పయింది. అంటే ఈ దేశంలో అభిప్రాయం మార్చుకున్నా క్షమిస్తారు గానీ, ఎవరి పక్కన కూర్చుని, ఎవరి చేతి అన్నం తిన్నావన్నది మాత్రం క్షమించరు. ఇదే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు బతికారు, వైద్యం చేశారు, 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశారు. ఒకే ఊరు, దాదాపు ఒకే కాలం. టెక్స్టు పుస్తకాల్లో మొదటాయనకి పాఠం ఉంటుంది. రెండో ఆయనకి ఎప్పుడో ఒక పేరా దొరుకుతుంది.

"మొదలెట్టావా పాఠం," అన్నాడు మా ఆయన. "రోజ్ మిల్క్ ఎలా ఉందో చెప్పు ముందు."

చాలా బాగుంది. అది కూడా రాయాలి కదా. చల్లగా, చిక్కగా, పెద్ద గ్లాసు నిండా. అందరికీ అవే గాజు గ్లాసులు. నేను లెక్క చూడకుండా ఉండలేను.

*

ద్వారపూడి, మండపేట, తాపేశ్వరం. తాపేశ్వరంలో మడతకాజా కొన్నాం. ఇక భోజనాల వేళ.

రాజమండ్రి దాటిన దగ్గర్నించి నేను బోర్డులు చదువుతూ కూర్చున్నాను. మీరూ ఎప్పుడైనా చూడండి. బ్రాహ్మణ భోజనం. రాజుల వంటకాలు. చౌదరి గారి రుచులు. రెడ్డి గారి బిర్యానీ. నాయుడు గారి కోడికూర. హైవే పొడుగునా కులం వండుతోంది, కులం వడ్డిస్తోంది. పిల్లలూ పెద్దలూ లొట్టలేసుకుంటూ వెళ్తున్నారు. ఎవరికీ అందులో కులగజ్జి కనిపించదు. అది 'బ్రాండు' మరి. మాల గారి మెస్సు? మాదిగ వారి రుచులు? ఒక్కటి చూపించండి. బోటి కూర మాత్రం ఏసీ హోటళ్ళ మెనూలోకి వచ్చేసింది. మన పేటల వెనక వాసనొస్తుందని ముక్కు మూసుకున్న కూర, గిన్నె మీద కొత్తిమీర చల్లుకుని టేబుల్ ఎక్కింది. కూర ఎక్కింది, వండిన పేట పేరు ఎక్కలేదు.

కాకినాడ ఇంకా చాలా దూరం ఉండగా దారిలో ఒక మెస్సు కనబడింది. ఇంటి ముందు రేకుల షెడ్డు, అరటాకు భోజనం. బోర్డు మీద ఒక కులం పేరు, పక్కన 'వారి ఇంటి భోజనం'. ఏ కులమో, ఏ ఊరో రాయను. పేరు మార్చినా ఈ కథ మారదు.

ఒక పెద్దావిడ వడ్డిస్తున్నారు. అరవై ఏళ్ళుంటాయి. ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు. ఎంత బాగుందంటే మేమిద్దరం మాటలు మానేశాం. ఆవిడ ప్రతి ఆకు దగ్గరా ఆగి పలకరిస్తున్నారు. ముద్దపప్పు మీద ఒక గరిటె నెయ్యి వేసి మా దగ్గర ఆగారు.

"ఏ ఊరమ్మా?"

"రావులపాలెం అండి."

"ఏం చేస్తుంటారు?"

"కాలేజీలో తెలుగు చెబుతానండి. ఆయన ఇరిగేషన్‌లో."

"ఆయ్, మంచి మాట. ఇంటిపేరేంటమ్మా?"

గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్నకి అర్థం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మీ కులమేంటని మర్యాదస్తులు అడగరు. ఇంటిపేరు అడుగుతారు. చెప్పాను. మా ఆయన ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది.

ఆవిడ ముఖం విప్పారింది. "అయ్యో, మావాళ్ళేనా! ముందే చెప్పొద్దూ!"

మా ఇద్దరి ఆకుల్లో రెండో గరిటె నెయ్యి పడింది.

అప్పుడు నేను చెప్పాలి. "కాదండీ, మేము మీవాళ్ళం కాదు" అని నాలుగు మాటలు. దళిత సాహిత్యం మీద డాక్టరేట్ తీసుకున్నదాన్ని. సభల్లో మైకు పట్టుకుని గంటసేపు మాట్లాడేదాన్ని. కులం దాచుకుని బతికే ఉద్యోగస్తుల మీద ఇక్కడే, మీ ముందే, రెండేళ్ళ కిందట ఘాటుగా రాసినదాన్ని. నోట్లో ముద్ద ఉంది. ఆ ముద్ద మింగాను, నవ్వాను, "చాలండి" అన్నాను. చాలండి అన్నది నెయ్యికి. ఆవిడ అనుకున్నదాన్ని మాత్రం అలాగే ఉంచేశాను.

మా ఆయన తల ఎత్తలేదు.

ఇంకా ఉంది. సిగ్గుపడాల్సిన అసలు ముక్క ఇదే. బిల్లు నాలుగువందల అరవై. ఆవిడ కోడలనుకుంటా, క్యూఆర్ కోడ్ అట్ట ముందుకు జరిపింది. నేను ఫోన్ తీశాను. తీసి, మళ్ళీ బ్యాగ్‌లో పెట్టేశాను. ఎందుకంటే ఫోన్‌పేలో కొడితే అవతల నా పూర్తి పేరు పడుతుంది. నా పేరు చివర మా అమ్మమ్మ ఏరికోరి పెట్టిన బైబిలు పేరు ఉంది. ఆ పేరు చూస్తే ఏ పేటవాళ్ళమో తెలిసిపోతుంది. అయిదువందల నోటు తీసి ఇచ్చాను. నలభై రూపాయలు వెనక్కి తీసుకున్నాను.

అమ్మమ్మ చనిపోయి పదేళ్ళయింది. ఆ క్షణంలో ఆవిణ్ణి నా చేతులతో నేనే బ్యాగ్‌లో పెట్టి జిప్పు వేశాను.

కారులో రామచంద్రపురం దాటేదాకా మాట్లాడుకోలేదు.

*

కాకినాడలో రాత్రికి సుబ్బయ్య హోటల్ భోజనం అనుకున్నాం. ఆకలి లేదు. కోటయ్య కాజా ఒక పొట్లం కట్టించుకుని బీచ్‌లో కాసేపు నడిచి, చీకటి పడకముందే తాళ్ళరేవు మీదుగా యానాం చేరాం. గది తీసుకుని, కింద ఉన్న రెస్టారెంటులో 'ఫ్యామిలీ' అని రాసిన వైపు కూర్చున్నాం. వైన్ కావాలని మా ఆయన అడిగితే ఆ కుర్రాడు, "వైన్స్ బయటండి, ఇది బార్ అండి," అన్నాడు. నిజంగా వైన్ అని నచ్చచెప్పాక లోపల్నించి ఎర్ర వైన్ సీసా ఒకటి దుమ్ము తుడిచి తెచ్చాడు. నాసిక్ వైపుది.

వగరుగా ఉంది. నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు. నేను జీవితంలో అంతకుముందు తాగిన 'వైన్' ఒకటే, అమ్మమ్మతో గుడికి వెళ్ళినప్పుడు ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షారసం. చిన్న గుటక. ఒకే గిన్నె వరస పొడుగునా వెళ్ళేది. నా ముందు కూలికెళ్ళే ముసలమ్మ, నా వెనక టీచరుగారు, అదే గిన్నె. నరసాపురం వచ్చిన బౌడెన్, బీర్ దొరల దగ్గర్నించి డెల్టాలో మిషనరీలు చాలా చేశారు, చాలా చేయలేకపోయారు కూడా. చర్చిలోకి కూడా కులం చెప్పులు బయట విడవకుండా వచ్చింది. అయినా మా అమ్మమ్మకి, ఎవరూ ఎత్తి పోయకుండా, పెదాలు ఆనించి తాగిన మొదటి గిన్నె అదే. అందుకే ఆ పేరు నాకు పెట్టింది.

రెండో గ్లాసు దగ్గర నేనే కదిపాను. "నువ్వెందుకు మాట్లాడలేదు?"

"నిన్ను అడిగారు కదా."

"ఇంటిపేరు నీది."

కాసేపు గ్లాసు తిప్పాడు. "నిజం చెప్పనా? ఆవిడ మావాళ్ళే అన్నప్పుడు నాకు ఒక సెకను బాగుంది. చిన్నప్పట్నించీ ఎవరింటికెళ్ళినా గుమ్మం దగ్గర ఆగడం అలవాటు. ఆవిడ అలా మీదపడి నెయ్యి వేస్తుంటే... బాగుంది. అందుకే తలెత్తలేదు."

నేను ఏదో అనబోయి ఆగాను. నాకూ బాగుంది. అది రాయకపోతే ఈ వ్యాసం అబద్ధం.

"బాబాసాహెబ్ కూడా దాచుకున్నారు కదా, బరోడాలో," అన్నాడు.

నిజమే. 1917లో కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరినప్పుడు ఆయనకి ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగారు. భోజనంతో కలిపి రోజుకి రూపాయిన్నర. పదకొండో రోజు పొద్దున్న కర్రలు పట్టుకుని పార్సీలు మెట్లెక్కి వచ్చారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశారు అదంతా. నేను ఏటా పిల్లలకి చెబుతాను.

"ఆయనకి వేరే దారి లేదు. మనకి ఏ కర్ర భయం ఉంది? ఆవిడ చేతిలో ఉన్నది నేతి గరిటె. లేచి వెళ్ళిపొమ్మనేది కూడా కాదేమో. మహా అయితే రెండో గరిటె వేసేది కాదు. ఆ గరిటె కోసం దాచాం," అన్నాను.

"ఆయన దాచుకున్నారు. కానీ తర్వాత రాశారు," అన్నాడు.

అందుకే రాస్తున్నాను.

ఆ రాత్రే కాలిఫోర్నియా స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను. అక్కడ పొద్దున్న. వెంటనే జవాబిచ్చింది. "ఇక్కడ తెలుగువాళ్ళ ఇళ్ళలో భోజనాలకి పిలిస్తే మూడో ప్రశ్న అదేనే. ఇంటిపేరు, ఊళ్ళో ఏ వీధి. నాపాలో మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే అంత నవ్వుతున్నాం ఆ ఫొటోల్లో." 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లు పాస్ చేస్తే గవర్నరు వీటో చేశారు. ఫొటోలో కనపడిన ద్రాక్షతోటల వెనక ఇంత ఉంది. ఫొటో చూసి లైకు కొట్టినప్పుడు నాకు తట్టలేదు.

*

ఆదివారం పొద్దున్న యానాం నుంచి ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటాం. బాలయోగి గారి పేరున్న వంతెన. మన కోనసీమ బిడ్డ, లోక్‌సభకి మొదటి దళిత స్పీకరు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. వంతెన దిగాక కొంత దూరంలో జిల్లా బోర్డు: డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది. ఆ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. బస్సులు తగలబడ్డాయి. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారికి 'గుడిసెలు కాలిపోతున్నై' పుస్తకానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. నలభై ఏడేళ్ళ తర్వాత ఆయన సీమలో ఒక పేరు కోసం మళ్ళీ మంటలు. ఆ రోజు చాలామంది పెద్దమనుషులు టీవీలో అన్నారు, "పేరులో ఏముందండీ, బోర్డే కదా" అని. బోర్డే అయితే హైవే పొడుగునా అన్ని కులాల బోర్డులెందుకు? హోటల్ మీద కులం పేరుంటే ఆకలేసింది. జిల్లా మీద రాజ్యాంగం రాసినాయన పేరుంటే కడుపు మండింది. ఆ రెండు బోర్డుల మధ్య నుంచి కారు నడుపుకుంటూ మేం వచ్చాం. ఆ బోర్డు కింద నిలబడి ప్రతిసారీ ఫొటో దిగుతాను. ఈసారి కారు ఆపమనలేదు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. ఆకు వాసన ఇడ్లీకి పట్టి ఉంటుంది. కొత్తపేట మీదుగా మధ్యాహ్నానికి రావులపాలెం. అరటి మార్కెట్ దగ్గర కర్పూర గెలల లారీలు అడ్డంగా ఉన్నాయి. పక్కన దారి చేసుకుని అమ్మ ఇంటికి వెళ్ళాం.

మా అమ్మ బడిలో వంట చేస్తుంది. మధ్యాహ్న భోజనం. మొదట్లో ఆమె పొయ్యి వెలిగించినప్పుడు కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. "మాకు కడుపునొప్పి" అనేవారట. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ వారం పప్పులో తాలింపు ఇంకొంచెం ఘాటుగా పెట్టింది, అంతే. వాసనకి పిల్లలే క్యారేజీలు మానేశారు, తల్లులకి తెలియకుండా. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి. ఆ పేరు ఉండాల్సిందే, నాకు పేచీ లేదు. బోర్డు మీద సీతమ్మ గారు, పొగలో మా అమ్మ. అదొక్కటే చెబుతున్నాను.

ఆదివారం కదా, అమ్మ తునకలు వండింది. ఎండబెట్టిన పెద్దకూర, గోంగూరలో. రెండు రోజులు తిరిగి తిరిగి తిన్నా, మళ్ళీ ఆకలేసింది. మహారాష్ట్రలో శాహూ పాటోళే అని ఒకాయన ఉన్నారు. మాంగ్, మహార్ ఇళ్ళ వంటల మీద 2015లో మరాఠీలో పుస్తకం రాశారు, 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' అని. అన్నం పూర్ణబ్రహ్మం అన్నదాన్ని తిప్పి, అపూర్ణం అన్నారు. మన వంట అందులో లేదు కాబట్టి అది పూర్తి కాదని. అలాంటి పుస్తకం మన అమ్మల వంట మీద తెలుగులో ఎవరైనా రాయండి అని చెబుతుంటాను. ఆ మధ్యాహ్నం ఆ మాట చెప్పే అర్హత నాకుందా అనిపించింది.

అన్నం తింటూ అమ్మకి అంతా చెప్పాను. నోటు సంగతి కూడా. అమ్మమ్మ పేరు దాచానన్న చోట అమ్మ గరిటె ఆపింది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "మనం కూడా మెస్సు పెడదామా అమ్మా? హైవే మీద. బోర్డు మీద ఏం రాద్దాం?" అన్నాను, మాట మార్చడానికి.

"బోర్డు రాసి ఏం చేస్తావే? డబ్బులిచ్చేటప్పుడు నోరు తెరవనిదానివి."

మా అమ్మ పదో తరగతి తప్పింది. నా డాక్టరేట్‌కి వైవా ఆ రోజు పూర్తయింది.

చెయ్యి కడుక్కుని బ్యాగ్ తీశాను. ఆ మెస్సు కార్డు ఉంది, దాని మీద నంబరు ఉంది. ఆ నంబరుకి ఫోన్‌పేలో ఇరవై రూపాయలు పంపాను, నా పూర్తి పేరుతో. కింద రాశాను: "రెండో గరిటె నెయ్యికి అండి. మీరు మీవాళ్ళం అనుకున్నారు. కాదండి. ఆయన మాల, నేను మాదిగ. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. భోజనం చాలా బాగుంది."

ఆదివారం జవాబు లేదు. సోమవారం లేదు. మంగళవారం క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. బయటికి వచ్చాక చూశాను. ఒకే మాట ఉంది.

"సరేనమ్మా."

పద్యాలకి, కథలకి, ఒక్కో మాటకి నాలుగు అర్థాలు చెప్పి బతికేదాన్ని. ఈ మాటని నాలుగు రోజులుగా చదువుతున్నాను. 'సరే' దగ్గర ఒక అర్థం వస్తోంది, 'అమ్మా' దగ్గర ఇంకోటి వస్తోంది. వచ్చే నెల మళ్ళీ వెళ్దాం అంటున్నాడు మా ఆయన. వెళ్తాం. అదే షెడ్డు, అదే ఆకు. ఈసారి ముందే చెప్పి కూర్చుంటాం. నెయ్యి ఒక గరిటె పడుతుందో, రెండు పడతాయో వచ్చి మీకు చెబుతాను. డబ్బులు ఫోన్‌లోనే కడతాను.

జై భీమ్.